జ్వరం మాట ముందే చెప్పండి

(గుంటూరులో కొత్తగా చేరిన ఆశా, ఏఎన్‌ఎంల శిక్షణలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి స్లైడ్లు చూసి అలిసిపోయారు, నేను టీకా వేశాక వచ్చే ఒక్క జ్వరం గురించే మాట్లాడతాను.

1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడు మన పని తేలిక. ఆటోలో మైకు, రెండు చుక్కలు, వేలికి సిరా. సూది లేదు, ఏడుపు లేదు. 2011 జనవరిలో హౌరాలో వచ్చిన కేసే దేశంలో చివరిది. దాంతో మైకు ఉంటే ఏ టీకాకైనా జనం వస్తారనుకున్నాం. పెంటావాలెంట్ అలా కాదమ్మా. ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడు సూదులు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతంతో కలిపి ఐదు జబ్బులకు అడ్డు. కానీ ఆ రాత్రి బిడ్డ ఒళ్లు కాలొచ్చు.

నేను చేరిన కొత్తలో ఒక బాలింతకు ఈ మాట చెప్పలేదు. చెబితే భయపడి రాదేమోనని నా తెలివి. మూడో రోజు వాళ్లింటికి వెళ్తే నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "మంచిగున్న బిడ్డకి జ్వరం తెప్పించావు గదమ్మా" అంది. ఆమెది మూఢనమ్మకం కాదు, నాది దాపరికం. రెండో డోసుకు వాళ్లు రాలేదు.

అందుకే సూదికి ముందే చెప్పండి, అదీ నాయనమ్మ వినేలా. ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ దగ్గర వాపు ఉండొచ్చని. పారాసిటమాల్ చుక్కలు బిడ్డ బరువును బట్టి ఎన్ని వేయాలో రాసివ్వండి. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా చోట కొన్ని వారాలకు పొక్కు లేచి చితుకుతుంది, దానికి పసుపూ కాఫీపొడీ పెట్టొద్దని కూడా. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టండి. ఆ అరగంటే మన అసలు ప్రచారం. గోడమీద పోస్టరు ఎవరు చదువుతారు చెప్పండి?

ఇంకో సంగతి. మిరప కోతలకు ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు చంటిపిల్లలతో మన జిల్లాకు వస్తాయి. తొమ్మిది నెలలు నిండగానే పడాల్సిన తట్టు, రుబెల్లా టీకా సరిగ్గా ఆ ప్రయాణంలోనే తప్పిపోతుంది. తట్టు మామూలు అంటువ్యాధి కాదు, ఒక్క బిడ్డ నుంచి పన్నెండు మందికి పైగా పాకగలదు. వాళ్లు టీకాలు వేసే బుధవారం, శనివారం చూసుకుని కూలి మానుకుని రాలేరు. కళ్లాల దగ్గరికి సాయంత్రం మనమే వెళ్లాలి. టీకా కార్డు ఊళ్లో ఉండిపోయిందంటే వెనక్కి పంపకండి. డోసు తప్పితే మళ్లీ మొదటినుంచి వేయక్కర్లేదు, ఆగిన చోటునుంచే వేస్తాం. ఆ మాట చెప్పి, కొత్త కార్డు రాసి చేతికివ్వండి.