రెండు ‘ఫ్లై’లు, ఒక బ్యారేజి: సైన్స్ ఫిక్షన్ రీమేకులను ఎలా పోల్చాలి

నమస్కారం. సైన్స్ ఫిక్షన్ సినిమాల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ‘ఒరిజినల్ ముందు రీమేకు దిగదుడుపే’ అని ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. ఆ మాట విని విని విసుగు పుట్టి ఈ వీడియో చేస్తున్నాను. విజయవాడ గాంధీనగర్ థియేటర్ల చుట్టూ పెరిగిన మనకు ఈ అలవాటు ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. ఒక తమిళ సినిమానో మలయాళ సినిమానో రెండు మూడేళ్లలో తెలుగులోకి వస్తే, ఏ సన్నివేశం ఉంచారు, ఏది తీసేశారు, హీరో కోసం ఏ పాట చేర్చారు అని లెక్క కట్టుకుంటూ చూస్తాం. అక్కడ భాష మారుతుంది గాని కాలం మారదు. హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ రీమేకుల సంగతి తలకిందులు. భాష మారదు, కానీ మధ్యలో ఇరవై ముప్పై ఏళ్లు గడిచిపోతాయి. ఆ లోపల సైన్సూ మారుతుంది, జనాన్ని భయపెట్టే విషయాలూ మారతాయి.

[దృశ్యం: సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజి]

నా వెనక కనబడుతున్న ఈ బ్యారేజి కూడా ఒక రీమేకే. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండి పడింది, 1957లో ఈ బ్యారేజి ప్రారంభమైంది. నది అదే, డెల్టా కాలువలకు నీరు మళ్లించే పనీ అదే. కానీ కొత్తదానికి 70 గేట్లు వచ్చాయి, వాటి పైన గుంటూరు జిల్లా వైపు వెళ్లే రోడ్డు వచ్చింది. బ్యారేజి అచ్చం ఆనకట్టలాగా లేదని నొచ్చుకున్నవారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన జంట, ‘ద ఫ్లై’. మన ‘ఈగ’ కాదు, 1958లో కర్ట్ న్యూమన్, 1986లో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసినవి. వస్తువును ఒక పెట్టెలో విడగొట్టి మరో పెట్టెలో తిరిగి కూర్చే యంత్రంలోకి శాస్త్రవేత్తతో పాటు ఒక ఈగ దూరడం రెండింటికీ మూలం. 1958 సినిమాలో ఈగ తల, కాలు మనిషికి, మనిషి తల, చెయ్యి ఈగకు వస్తాయి. మరమ్మతు దుకాణంలో రెండు రేడియోల విడిభాగాలు తారుమారైనట్టు అన్నమాట. డీఎన్ఏ నిర్మాణం 1953లోనే వెల్లడైనా సామాన్య ప్రేక్షకుడి ఊహలో శరీరం ఇంకా అవయవాల కూర్పే. 1986 నాటికి ‘జన్యువు’ పత్రికల్లో రోజూ కనబడే మాట. అందుకే ఆ సినిమాలో కంప్యూటర్ రెండు ప్రాణులనూ జన్యువుల స్థాయిలో కలిపేస్తుంది, తప్పు జరిగిందని ఆ మనిషికి వెంటనే తెలియనే తెలియదు. మొదట వింత బలం వస్తుంది, తరువాత గోళ్లు ఊడతాయి, ఆ తరువాతవి నేను ఇక్కడ చెప్పను.

ఇక్కడ మళ్లీ బ్యారేజి దగ్గరకు రావాలి. వరద పాత ఆనకట్ట మీదుగా పొర్లి ఒక్కసారిగా దూకేది. బ్యారేజిలో దాన్ని గేటు గేటుగా వదులుతారు. 1958 సినిమా భయమంతా శాస్త్రవేత్త తల మీద కప్పుకున్న గుడ్డ వెనక దాచి, భార్య ఆ గుడ్డను లాగిన క్షణాన మన మీద కుమ్మరిస్తుంది. 1986 సినిమా గేటు గేటుగా వదులుతుంది, ప్రియురాలు రోగి మంచం పక్కన కూర్చున్నట్టుగా అదంతా చూస్తుంది. ఎయిడ్స్ భయం అలుముకున్న ఆ ఏళ్లలో చాలామంది విమర్శకులు దీన్ని ఆ వ్యాధి కథగానే చదివారు. క్రోనెన్‌బర్గ్ మాత్రం వ్యాధి, వృద్ధాప్యం అన్నిటినీ కలిపి చెప్పానన్నాడు. 1958లో ప్రమాదం, 1986లో జబ్బు. ఏది గొప్పదని అడిగితే, నా ఓటు రెండోదానికే.

పోలికలో నదిని, అంటే రెండు సినిమాలకూ మూలమైన కథను, మరచిపోవడం ఇంకో పొరపాటు. 1951 నాటి ‘ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్’కూ, 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ‘ద థింగ్’కూ మూలం 1938లో జాన్ క్యాంప్‌బెల్ రాసిన కథ. ఎవరి రూపమైనా ధరించగల జీవి ఆ కథలోనే ఉంది. మొదటి సినిమా దాన్ని వదిలేసి, మొక్క జాతికి చెందిన ఒక భారీ ఆకారాన్ని పెట్టుకుంది. కనుక పాత సినిమాకు దూరంగా జరిగాడని మనం నిందించే కార్పెంటర్ నిజానికి కథకు దగ్గరగా వెళ్లాడు. పాత సినిమాలో మనుషులంతా ఒక్కటై బయటి శత్రువును ఎదుర్కొంటారు, కొత్తదానిలో ఒకరినొకరు తాళ్లతో కట్టేసి రక్తం పరీక్షిస్తారు. స్నేహశీలి గ్రహాంతరవాసితో ‘ఈటీ’ వచ్చిన రెండు వారాలకే విడుదలైన ఈ సినిమాను ఆనాటి ప్రేక్షకులు తిరస్కరించారు.

సమయం మించిపోతోంది, మిగతావి త్వరగా చెబుతాను. మనుషుల స్థానంలోకి అచ్చం వాళ్లలాంటి నకళ్లు వచ్చి చేరే ‘ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్’ 1956లో అందరూ అందరికీ తెలిసిన చిన్న ఊళ్లో జరుగుతుంది, 1978లో పక్కింటివాడు ఎవరో తెలియని శాన్‌ఫ్రాన్సిస్కోలో. పాత సినిమాలో రోడ్డు మీద కేకలు వేసిన కెవిన్ మెకార్తీయే కొత్తదానిలోనూ కేకలు వేస్తూ కారుకు అడ్డం పడతాడు, ఇరవై రెండేళ్లుగా పరుగెత్తుతూనే ఉన్నట్టు. ‘ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్’ మాత్రం, నా లెక్కలో, నీళ్లు ఆగని బ్యారేజి: 1951 నాటి అణుబాంబు భయం స్థానంలో 2008లో పర్యావరణాన్ని సరిగ్గానే పెట్టారు గాని, మనుషులను అంతం చేయడానికి వచ్చిన గ్రహాంతరవాసి మనసు మార్చుకోవడానికి తగినంత కారణం చూపలేదు. ‘రోబోకాప్’ సంగతి మరో వీడియోలో చెప్పుకుందాం.

రెండు ‘ఫ్లై’లనూ ఒకే రోజు చూడాలనుకునేవారు 1958 నాటిదాన్ని భోజనానికి ముందు, 1986 నాటిదాన్ని ఆ భోజనం పూర్తిగా అరిగిన తరువాత పెట్టుకోండి.