నిన్న ట్యూషన్ అయ్యాక మీ వాడు ఎటెళ్లాడు?

అందరికీ నమస్కారమండి. పేరెంట్స్ మీటింగ్ అంటే మార్కులే అనుకుని వచ్చుంటారు, ఇవాళ వాటిని పక్కన పెడదాం. నిన్న సాయంత్రం ట్యూషన్ ఏడింటికి అయిపోయింది కదా, ఇంటికి ఎనిమిదిన్నరకి వచ్చిన మీ వాడు మధ్యలో ఎక్కడున్నాడు? మీ వాడు అనే అంటున్నా, ఎందుకంటే కూతురైతే మనం ఏడుంబావుకే గేటు దగ్గర నిలబడతాం, కొడుకైతే పదింటికొచ్చినా అన్నం పెట్టేసి ఊరుకుంటాం.

ఇప్పుడు చాలామంది ఫోన్లో లొకేషన్ ఆన్ చేయించి, వాడు పడుకున్నాక వాట్సాప్ తిరగేసి, ఇంక మనకన్నీ తెలుసు అనుకుంటున్నారు. స్వీడన్‌లో స్టాటిన్, కెర్ అని ఇద్దరు పరిశోధకులు పద్నాలుగేళ్ల పిల్లల్నీ వాళ్ల అమ్మానాన్నల్నీ అడిగి 2000లో ఒక పేపర్ వేశారు, అందులో తేలిందేంటంటే పెద్దవాళ్లకి పిల్లల గురించి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం నిఘా పెట్టి రాబట్టింది కాదు, పిల్లలు తమంతట తాము చెప్పిందే. నాకైతే ఆశ్చర్యం అనిపించలేదు. లొకేషన్ చుక్క వాడు ఫ్రెండ్ ఇంటి దగ్గరున్నాడని చూపిస్తుంది గానీ అక్కడ బండి మీద ముగ్గురెక్కారా, సిగరెట్ చేతులు మారిందా అన్నది చూపించదుగా.

మరి వాడెందుకు చెప్తాడు? "డాడీ, మా బ్యాచ్‌లో ఒకడు వేప్ తెచ్చాడు" అన్నాడనుకోండి, అదే ఈ-సిగరెట్, మనం ఠక్కున "నువ్వెందుకెళ్లావ్ అక్కడికి, ఇంకోసారి వాడితో కనబడితే కాళ్లు విరగ్గొడతా" అంటాం. అయిపోయింది, ఇంక ఇంటర్ పూర్తయ్యేదాకా వాడు నోరు విప్పడు. ఆ కాసేపు అన్నం కలుపుకుంటూ "ఊఁ, తర్వాత?" అనండి చాలు, చెప్పాల్సింది రేపు చెప్పొచ్చు. బండి వెనక కూర్చోబెట్టుకుని వెళ్లేటప్పుడు ఇంకా బాగా మాట్లాడతారు, మొహాలు చూసుకునే పనుండదు కదా.

వినమన్నానని అన్నిటికీ సరే అనమని కాదండోయ్. బండి తాళం దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. లైసెన్స్ 18 నిండాకే, 16కి ఇచ్చేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికి, మనిళ్లలో పెట్రోలు స్కూటీలు దాదాపు అన్నీ అంతకు పైమాటే. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు, 199ఎ సెక్షన్ చూడండి, మైనర్ బండి నడిపి కేసైతే తల్లిదండ్రులకో ఓనర్‌కో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్స్ రాదు. పాల ప్యాకెట్‌కేగా, సందు చివరిదాకేగా అంటూ తాళం చేతికిచ్చేది మనమే, పైగా "మావాడు భలే తోలతాడండీ" అని చుట్టాల ముందు గొప్పలు!

గంజాయి అనుమానం ఉంటే కొట్టడం మొదలెట్టకండి. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. అమ్మేవాడెవడో తెలిస్తే పోలీసులకి ఫోన్ చేసి చెప్పండి, తెలంగాణలో నంబర్ 1908, ఆంధ్రలో 1972.

ఇంకొక్కటి. బయట టీ పెట్టారు, తాగేటప్పుడు మీ వాడి దోస్తుల అమ్మలెవరో కనుక్కుని నంబర్లు తీసుకోండి, "మీ ఇంటికే వచ్చాడా అండీ" అని మొహమాటం లేకుండా అడిగేంత పరిచయం పెంచుకోండి. గ్రూప్ మాత్రం పెట్టొద్దు బాబోయ్, గుడ్ మార్నింగ్ ఫొటోలు తప్ప ఇంకేం రావు.