గాలి ఒకవైపు, క్రాయిడన్ ఒకవైపు

(స్టూడియో చర్చ నుంచి. పాల్గొన్నవారు: యాంకర్, వేరే బరో (లండన్‌లోని స్థానిక పాలనా విభాగం) కౌన్సిల్ ఆర్థిక విభాగంలో పనిచేసే అకౌంటెంట్, క్రాయిడన్‌లో స్థిరపడి, ఎన్నికలప్పుడు పోలింగ్ క్లర్క్‌గా పనిచేసే గృహిణి, ఈస్ట్ క్రాయిడన్ స్టేషన్ దగ్గర అద్దెకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.)

యాంకర్: అందరికీ నమస్కారం. 2022 మే 5న లండన్‌లోని 32 బరోలకూ ఎన్నికలు జరిగాయి. వాండ్స్‌వర్త్ 1978 నుంచి కన్జర్వేటివ్‌ల కోట, అది కూలింది. వెస్ట్‌మిన్‌స్టర్ 1964లో తొలి ఎన్నిక జరిగినప్పటి నుంచీ వాళ్లదే, అదీ పోయింది. బార్నెట్ కూడా చేజారింది. టీవీల్లో రాత్రంతా లేబర్ గాలి అన్నారు. ఆ గాలికి ఎదురు నడిచినవి ఉన్నాయి. హారో ఒకటి, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇవాళ మన విషయం దక్షిణ లండన్‌లోని క్రాయిడన్ బరో. అక్కడి మొట్టమొదటి ప్రత్యక్ష మేయర్ ఎన్నికలో కన్జర్వేటివ్ అభ్యర్థి జేసన్ పెర్రీ, లేబర్ అభ్యర్థి వాల్ షాక్రాస్‌ను 589 ఓట్లతో ఓడించారు. సార్, గాలి ఇక్కడి దాకా ఎందుకు రాలేదు?

అకౌంటెంట్: గాలి వచ్చిందండీ. కాకపోతే క్రాయిడన్ వాళ్లు ఆ రోజు దేశం గురించి ఓటెయ్యలేదు, తమ కౌన్సిల్ జమాఖర్చుల గురించి వేశారు. 2020 నవంబర్‌కి వెళ్దాం. ఇక్కడ 114 నోటీసు అంటారు, 1988 నాటి చట్టంలోది. రాబడికి మించి ఖర్చవబోతోందని తేలితే కౌన్సిల్ ఆర్థికాధికారి ఆ నోటీసు ఇచ్చి తీరాలి. ఇచ్చాక చట్టప్రకారం తప్పనిసరైన సేవలకు తప్ప కొత్తగా పైసా ఖర్చు పెట్టడానికి లేదు. దివాలా అని పత్రికలు రాస్తాయి. చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో కౌన్సిల్ దివాలా తియ్యడం కుదరదు, జనానికి మాత్రం తేడా ఏమీ తెలీదు.

యాంకర్: అక్కడిదాకా ఎలా వచ్చింది?

అకౌంటెంట్: ఇళ్లు కట్టడానికి బ్రిక్ బై బ్రిక్ అని కౌన్సిల్ సొంత కంపెనీ పెట్టుకుంది. దానికి సుమారు 20 కోట్ల పౌండ్లు అప్పిచ్చింది. 2018లో క్రాయిడన్ పార్క్ హోటల్‌ని సుమారు 3 కోట్ల పౌండ్లకు కొంది, అద్దె వస్తుందని. కోవిడ్ వచ్చింది, హోటల్ నడిపేవాళ్లు చేతులెత్తేశారు. ఆ హోటల్ని తర్వాత కొన్న ధరకన్నా తక్కువకే అమ్ముకున్నారు. నోటీసుకి కొన్ని వారాల ముందే బయటి ఆడిటర్లు నివేదిక ఇచ్చారు. పరిస్థితి ఎంత ముదిరిందో సంస్థ మొత్తంగా చూడలేకపోయిందని అందులో రాశారు. నేను ఈ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ఆడిటర్లు అంత గట్టి మాట రాయడం చాలా అరుదు. నాకు అది చదివితే కోపం కన్నా బాధే ఎక్కువ కలిగింది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: అంటే తప్పంతా అప్పుడు కౌన్సిల్ నడిపిన లేబర్ పార్టీదేనా అన్నా?

అకౌంటెంట్: లేదు తమ్ముడూ, ఇంకో కోణం ఉంది, అది మనవాళ్లకు బాగా తెలిసిన బిల్డింగ్‌తో ముడిపడింది. లూనార్ హౌస్.

పోలింగ్ క్లర్క్: అయ్యో, నాకు తెలీకపోవడమేంటి! చంటిపిల్లని చంకనేసుకుని వీసా కోసం ఆ లైన్లో నిలబడ్డదాన్ని. వెల్లెస్లీ రోడ్డు మీద గాలి ఎలా కొడుతుందో మీకు తెలుసా, ఆ ఎత్తు భవనాల మధ్య?

అకౌంటెంట్: అదే. వీసాలు చూసే ప్రభుత్వ శాఖ, హోం ఆఫీస్, దాని ఆఫీసు అక్కడ ఉండటంతో, తల్లిదండ్రులెవరూ లేకుండా ఒంటరిగా దేశంలోకి వచ్చే పిల్లలు ఆశ్రయం కోరుతూ క్రాయిడన్‌కే వచ్చేవాళ్లు. ఆ పిల్లల ఆలనాపాలనా చట్టప్రకారం స్థానిక కౌన్సిల్ బాధ్యత. కేంద్రం ఇచ్చేది చాలట్లేదని క్రాయిడన్ ఏళ్ల తరబడి మొత్తుకుంది, ఆ మాటలో న్యాయం ఉంది. పిల్లల సంరక్షణ, వృద్ధుల సంరక్షణ, ఈ రెండూ తీసేస్తే ఏ కౌన్సిల్ బడ్జెట్‌లోనైనా మిగిలేది తక్కువ. మనం చూసే చెత్తబండి, రోడ్డు గుంత, లైబ్రరీ అన్నీ ఆ మిగిలినదాంట్లోవే. కానీ ఓటరు చూసేది వాటినే.

యాంకర్: మేడమ్, మీరు పోలింగ్ బూత్‌లో ఉన్నారు. బయట ఇంత కథ నడుస్తుంటే లోపల ఎలా ఉంది?

పోలింగ్ క్లర్క్: ప్రశాంతంగా ఉందండీ. ప్రైమరీ స్కూల్ హాలు. గోడల మీద పిల్లలు వేసిన బొమ్మలు, చిన్న చిన్న కుర్చీలు ఒక మూల పేర్చి ఉంటాయి. పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా. సిరా చుక్క లేదు, మెషిన్ లేదు. దారం కట్టిన పెన్సిల్, కాగితం, అంతే. అప్పటికింకా గుర్తింపు కార్డు కూడా అడిగేవాళ్లం కాదు, పేరూ చిరునామా చెబితే చాలు. మా నాన్నకు ఫోన్లో చెబితే నమ్మలేదు, పోలీసులు లేకుండా ఎన్నికేంటమ్మా అన్నారు.

ఆ రోజు అందరినీ తికమక పెట్టింది మేయర్ బ్యాలెట్. ఎనిమిది మంది పేర్లు, పక్కన రెండు గళ్లు. మొదటి గడిలో మీకు నచ్చినవాళ్లు, రెండో గడిలో వాళ్లు కాకపోతే ఎవరో. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటకపోతే పైన ఉన్న ఇద్దరినే ఉంచి, మిగతావాళ్లకు వేసిన ఓటర్ల రెండో గడి చూస్తారు. ఒక పెద్దాయన రెండు గళ్లలోనూ ఒకరికే వెయ్యొచ్చా అని అడిగారు. అలా వేస్తే రెండోది లెక్కకు రాదు. నాకు రాసి ఇచ్చిన సూచన ఉంది, అదే చదివి వినిపించాను. అంతకు మించి ఒక్క మాట చెప్పకూడదు. ఆయన చాలాసేపు ఆ కాగితం ముందు నిలబడ్డారు. ఫలితం 38,612కి 38,023 అని చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

యాంకర్: 589.

పోలింగ్ క్లర్క్: మా రోడ్డూ, పక్క నాలుగు రోడ్లూ కలిపితే అంతమంది ఉంటారు.

అకౌంటెంట్: ఆ పద్ధతిని తర్వాత తీసేశారు. అదే ఏడాది వచ్చిన చట్టంతో మేయర్లకు కూడా ఒక్క ఓటే అయ్యింది, ఎక్కువ వచ్చినవాళ్లే గెలిచినట్టు. పెర్రీ మొదటి లెక్కలోనూ ముందే ఉన్నారు, కాబట్టి ఇక్కడ మనిషి మారేవారు కాదు. కానీ ఇలాంటి దగ్గరి పోటీల్లో చిన్న పార్టీలకు వేసినవాళ్ల రెండో మాటకు విలువ ఉండేది, అది పోయింది. నాకు అది నష్టమే అనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: నాకు అర్థం కానిది ఇంకోటి. కౌన్సిలర్లలో లేబర్ వాళ్లే ఒకరు ఎక్కువ కదా?

అకౌంటెంట్: అవును. 70 సీట్లు. లేబర్ 34, కన్జర్వేటివ్ 33, గ్రీన్ 2, లిబరల్ డెమోక్రాట్ 1. 2018లో లేబర్‌కి 41 ఉండేవి. ఎవరికీ మెజారిటీ రాలేదు. పాత పద్ధతైతే కూర్చుని బేరమాడుకుని నాయకుణ్ణి ఎన్నుకునేవాళ్లు. మేయర్ పద్ధతిలో క్యాబినెట్ ఆయన ఇష్టం. బడ్జెట్ ప్రతిపాదన మార్చాలంటే కౌన్సిల్‌లో మూడింట రెండొంతుల మంది కలవాలి. 34 మందితో ఏం చెయ్యగలరు? అందుకే నాకు ఈ పద్ధతి మీద అనుమానం. ఒక్క మనిషి తప్పు చేస్తే ఆపేవాళ్లు తక్కువ.

పోలింగ్ క్లర్క్: నేను ఒప్పుకోనండీ. ఆపేవాళ్లు 70 మంది ఉన్నప్పుడే కదా హోటల్ కొన్నారు? 2021 అక్టోబర్‌లో మేయర్ కావాలా వద్దా అని రెఫరెండం పెడితే వేసినవాళ్లలో 80 శాతం కావాలన్నారు. పార్టీలు అడగలేదు దాన్ని, జనమే సంతకాలు పోగేసి తెచ్చుకున్నారు. ఎందుకు? సౌత్ నార్వుడ్‌లో రెజీనా రోడ్డు ఫ్లాట్లు 2021 మార్చిలో టీవీలో చూశారా మీరు? పైకప్పు నుంచి నీళ్లు, గోడ నిండా నల్లటి బూజు, ఆ గదిలో పిల్లలు. ఎవరు బాధ్యులు అంటే ఒకరి పేరు చెప్పడానికి లేదు. మాకు నిలదియ్యడానికి ఒక మనిషి కావాలి. అదీ జనం అడిగింది.

అకౌంటెంట్: నిలదియ్యడానికి మనిషి దొరికారు, డబ్బు దొరకలేదు కదమ్మా. 2022 నవంబర్‌లో మళ్లీ 114 నోటీసు వచ్చింది. 2023లో కౌన్సిల్ టాక్స్, అంటే ఇంట్లో ఉండేవాళ్లు కౌన్సిల్‌కి కట్టే పన్ను, 15 శాతం పెరిగింది. అప్పుడు చాలా చోట్ల రెఫరెండం లేకుండా 5 శాతం లోపే పెంచాలి, క్రాయిడన్‌కి ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిచ్చింది. 2024లో నాలుగు లైబ్రరీలు మూసేశారు. పార్టీ మారినా అప్పు అక్కడే ఉంది.

పోలింగ్ క్లర్క్: శాండర్‌స్టెడ్ లైబ్రరీ అందులో ఒకటి. (కొంచెం ఆగి) లైబ్రరీ మూశారంటే ఒక భవనానికి తాళం వేసినట్టే కాదండీ. ఎండాకాలం సెలవుల్లో చాలా ఇళ్లలో పిల్లల్ని తీసుకెళ్లడానికి డబ్బు ఖర్చులేని చోటు అదొక్కటే.

యాంకర్: బాబూ, ఆ 15 శాతం నీకెలా తగిలింది?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: ఇంట్లో ముగ్గురం ఉంటాం. ఏప్రిల్‌లో కవర్ వచ్చింది. ఏడాది మొత్తాన్ని పది నెలలుగా విడగొట్టి రాశారు. అద్దె మాట్లాడుకున్నప్పుడు ఆ లెక్క ఎవరమూ వేసుకోలేదు. తిట్టుకుంటూ కట్టాం. నిజం చెప్పాలంటే ఆ ఎన్నిక జరిగినట్టు కూడా నాకు తెలీదు. మనకి ఓటెక్కడిది, మనది ఇండియా పాస్‌పోర్టు కదా అనుకున్నా.

పోలింగ్ క్లర్క్: ఇదీ నన్ను తొలిచేసే విషయం. ఆ రోజు స్కూలు గేటు ముందు నుంచి మనవాళ్లు జంటగా వెళ్తున్నారు, తెలుగులో మాట్లాడుకుంటూ. మనకి లేదులే అని ఆవిడ అంటోంది. నేను డ్యూటీలో ఉన్నాను, పైగా రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో దాటిపోయింది, పిలిచినా లాభం లేదు. కానీ వాళ్లకు హక్కు ఉంది! కామన్వెల్త్ దేశాల పౌరులు చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివాసముంటే ఓటుంది. కౌన్సిల్‌కే కాదు, పార్లమెంటుకు కూడా.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు కూడానా?

పోలింగ్ క్లర్క్: ఉంది. చదువుకునే ఊళ్లోనూ, సెలవుల్లో ఉండే ఇంటి దగ్గరా, రెండు చోట్లా రిజిస్టర్ చేసుకోవచ్చు. లోకల్ ఎన్నికలు వేర్వేరు కౌన్సిళ్లవైతే రెండింట్లోనూ వెయ్యొచ్చు. పార్లమెంటుకు మాత్రం ఒక్కచోటే.

యాంకర్: ఇప్పుడు గుర్తింపు కార్డు తప్పనిసరి అంటున్నారు. మనవాళ్లు ఏం పట్టుకెళ్లాలి?

పోలింగ్ క్లర్క్: మన ఇండియా పాస్‌పోర్టే చాలు. గడువు తీరినా ఫోటోలో మొహం పోలితే ఒప్పుకుంటారు. ముందు జాబితాలో పేరుండాలి, అదీ ముఖ్యం. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాలు పడుతుంది. జాతీయత దగ్గర ఇండియా అని పెట్టు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఇవ్వు. ఎన్నికకు 12 పనిదినాల ముందే గడువు, అది మర్చిపోకు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: నాకు వీసా ఇంకో ఏడాదిన్నరే ఉంది అక్కా. అయినా పర్లేదా?

పోలింగ్ క్లర్క్: వీసా ఎంతుందని ఎవరూ అడగరు. నంబర్ ఫోన్లో ఉందా? బ్రేక్‌లో కూర్చుని చేసేద్దాం రా.