చెవి మీద 580 వోల్టులు

అందరికీ నమస్కారం.

ఇక్కడున్న వాళ్లలో సగం మందికైనా పిక్చర్ ట్యూబు టీవీ రోజులు గుర్తుండే ఉంటాయి. టీవీ తెర దగ్గర ముంజేయి పెడితే రోమాలన్నీ లేచి నిలబడేవి, చిటపటమని చిన్న చప్పుడు వచ్చేది. వెనక నుంచి అమ్మ కేక కూడా వచ్చేదనుకోండి. ఇవాళ మనం మాట్లాడుకోబోయే ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు ఆ రోమాలను లేపిన స్థిర విద్యుత్తుతోనే పాడతాయి. వీటిలో అయస్కాంతం ఉండదు, తీగచుట్టా ఉండదు.

ఉండేది ఒక పొర. మందం ఒకటి రెండు మైక్రాన్లు, అంటే దీని పక్కన మన తలవెంట్రుక మోకు లాంటిది. ఆ పొరకు అటొకటి ఇటొకటి చిల్లుల లోహపు పలకలు ఉంటాయి. వాటిని స్టేటర్లు అంటాం. పొర మీద ఎప్పుడూ మారని వోల్టేజి ఒకటి నిలిపి ఉంచుతాం, అది బయాస్. పాట తాలూకు వోల్టేజి స్టేటర్ల మీదికి వెళుతుంది. ఒక పలక పొరను లాగుతున్నప్పుడు రెండోది తోస్తుంది. మామూలు హెడ్‌ఫోన్‌లో తీగచుట్ట అంటుకున్న చోట మాత్రమే బలం పడితే, ఇక్కడ పొర మొత్తం మీద ఒకేలా పడుతుంది. వీణ మీటు మొదలయ్యే ఆ లిప్తపాటు వీటిలో అంత స్పష్టంగా వినబడటానికి ఇదొక కారణం.

దీన్ని హెడ్‌ఫోన్‌గా చేసి 1960లో అమ్మకానికి పెట్టింది జపాన్‌కు చెందిన స్టాక్స్. మోడల్ పేరు ఎస్ఆర్-1. వాళ్లు దీన్ని హెడ్‌ఫోన్ అనరు, ఇయర్ స్పీకర్ అంటారు. 1991లో జర్మనీ సెన్‌హైజర్ ఓర్ఫియస్ అనే హెడ్‌ఫోన్, యాంప్లిఫయర్ జోడీని మూడొందల సెట్ల వరకే చేసింది. దాని సంగతి మనకెందుకు, మన జేబులకు అందే ముచ్చట కాదు. అమెరికా కాస్ కంపెనీ ఈఎస్‌పి/950 మాత్రం వెతికితే సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది.

మొదట ఒక హెచ్చరిక. స్టాక్స్ పాత హెడ్‌ఫోన్లకు బయాస్ 230 వోల్టులు, ప్లగ్గుకు ఆరు పిన్నులు. 1980ల నుంచి వచ్చిన 'ప్రో' రకానికి 580 వోల్టులు, ఐదు పిన్నులు. పాతవాటిలో పొరకూ పలకకూ మధ్య సందు సుమారు 0.3 మిల్లీమీటర్లు, ప్రోలో 0.5. ఐదు పిన్నుల ప్లగ్గు ఆరు పిన్నుల సాకెట్లో దూరుతుంది. అలా పెడితే ప్రమాదం లేదు గానీ, బయాస్ తగ్గినందుకు శబ్దం 8 డెసిబెల్స్ పడిపోతుంది. పాతదాన్ని అడాప్టర్ చేసి 580కి తగిలించారా, పొర వెళ్లి పలకకు అతుక్కుంటుంది. ఆ తర్వాత నిప్పురవ్వ, చిల్లు. పిన్నులు లెక్కపెట్టడానికి రెండు సెకన్లు చాలు.

ఇక యాంప్లిఫయర్లు. మామూలు హెడ్‌ఫోన్ విషయంలో 'ఎన్ని మిల్లీవాట్లు' అని అడుగుతాం. ఇక్కడ ఆ ప్రశ్న పనికిరాదు. ఈ హెడ్‌ఫోన్ కరెంటు దృష్టిలో ఒక చిన్న కెపాసిటర్, కేబుల్‌తో కలిపి సుమారు 110 పీకోఫారడ్లు. పది కిలోహెర్ట్జ్ దగ్గర 145 కిలో ఓమ్‌లలా ప్రవర్తిస్తుంది. నూరు వోల్టులు ఇస్తే నూరు డెసిబెల్స్ చుట్టుపక్కల మోగుతుంది. అంటే కావలసింది బోలెడు వోల్టేజి, పిసరంత కరెంటు. కాకపోతే స్వరం పైకి వెళ్లేకొద్దీ కెపాసిటర్‌కు దాహం పెరుగుతుంది. యాంప్లిఫయర్ల మధ్య నిజమైన తేడా ఏదైనా ఉంటే అక్కడే ఉండాలి.

నా దగ్గరున్నవి జపాన్ నుంచి తెప్పించుకున్న పాత స్టాక్స్ సరుకు: ఎస్ఆర్ఎం-టి1 అనే ట్యూబు యాంప్లిఫయర్, లాంబ్డా ప్రో అనే హెడ్‌ఫోన్. అక్కడి కరెంటు 100 వోల్టులు. మొదట ఇక్కడే ఒక దుకాణంలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాను. మా వీధిలో రాత్రి పదింటి తర్వాత లైను 245కి ఎక్కుతుంది. అప్పుడు టి1కి అందేది 106 పైచిలుకు. ట్యూబుల హీటర్లు వేడెక్కిపోతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. తర్వాత తెలిసింది, ఈ పాత మోడళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి జంపర్లు, అంటే కలిపే చిన్న తీగముక్కలు, మార్చి 240కి పెట్టుకోవచ్చని. కొత్తవాటిలో ఆ వీలు మూసేశారు. జపాన్ సరుకు చవగ్గా వస్తోందని ఆర్డరు పెట్టే ముందు ఈ ఒక్క సంగతి కనుక్కోండి.

జంపర్లు మార్చాక బయాస్ కూడా చూద్దామని సాకెట్లో మల్టీమీటర్ పెట్టాను. 395 చూపించింది. ఉండాల్సింది 580. గుండె జారింది. ఆ పూటే కెపాసిటర్లు, డయోడ్లు ఆర్డరు పెట్టేశాను. అవి వచ్చేలోగా సర్క్యూట్ బొమ్మ ముందు కూర్చుంటే బయాస్ దారిలో ఉన్న 4.7 మెగా ఓమ్‌ల రెసిస్టర్ కనబడింది. షాకు తగలకుండా, పొర మీది చార్జి నిలకడగా ఉండేలా పెట్టే రెసిస్టర్ అది. నా మీటర్ సొంత రెసిస్టెన్స్ 10 మెగా ఓమ్‌లు. 580ని 14.7తో భాగించి పదితో హెచ్చిస్తే ఎంతొస్తుందో మీరే చేసి చూడండి. బయాస్ బంగారంలా ఉంది, చెడింది నా లెక్క. ఆ విడిభాగాలు ఇప్పటికీ మా ఇంట్లో డబ్బాలో ఉన్నాయి, కావలసినవాళ్లు పట్టుకెళ్లండి.

మార్పుల్లో పేరు మోసినది ఒకటి చెప్తాను. టి1లో చివరి దశలో 6ఎఫ్‌క్యూ7 ట్యూబులు ఉంటాయి. ట్యూబు లోపల ప్లేటు అనే కొస ఒకటుంటుంది, దానికి కరెంటు రెసిస్టర్ గుండా అందుతుంది. ఆ రెసిస్టర్‌ను తీసేసి, ఎప్పుడూ ఒకే కరెంటు ఇచ్చే కాన్‌స్టంట్ కరెంట్ సోర్స్ పెట్టమంటారు. ఈ రంగంలో కెవిన్ గిల్‌మోర్ అనే అమెరికా నిపుణుడు తన సర్క్యూట్లను అందరికీ తెరిచి పెట్టాడు. బ్లూ హవాయి, కేజీఎస్ఎస్ లాంటి యాంప్లిఫయర్లు ఆయనవే. ఈ పద్ధతికి అంత ప్రచారం రావడంలో ఆయన పాత్ర పెద్దది.

ఎందుకు పెట్టాలో చిన్న లెక్కతో చూద్దాం. ప్లేటు రెసిస్టర్ 60 కిలో ఓమ్‌లు, సప్లై 320 వోల్టులు అనుకోండి. నిలకడగా పారే కరెంటు 5.3 మిల్లీ ఆంపియర్లు. ఒక్కో వైపు వోల్టేజి 240 శిఖరానికి ఊగినప్పుడు రెసిస్టరే 4 మిల్లీ ఆంపియర్లు మింగేస్తుంది. మిగిలింది 1.3 అనుకునేరు, కాదు. కెపాసిటర్ కరెంటు, రెసిస్టర్ కరెంటు ఒకే క్షణంలో శిఖరానికి రావు, తొంభై డిగ్రీల ఎడం ఉంటుంది. కాబట్టి వర్గాలు తీసి చూడాలి. హెడ్‌ఫోన్‌కు 3.5 దక్కుతుంది. ఆ కరెంటుతో పూర్తి ఊపు సుమారు పదిన్నర కిలోహెర్ట్జ్ దాకా నిలుస్తుంది. రెసిస్టర్ బదులు కరెంట్ సోర్స్ పెడితే 5.3 మొత్తం హెడ్‌ఫోన్‌కే, అప్పుడు పదహారు దాకా వెళ్తుంది.

బాగానే ఉంది కదా? ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ పూర్తి ఊపు ఎంత శబ్దం? రెండు స్టేటర్ల మధ్య 340 వోల్టుల ఆర్ఎంఎస్ (ఊగే వోల్టేజికి వాడే ఒక రకం సగటు), అంటే సుమారు 110 డెసిబెల్స్. పది కిలోహెర్ట్జ్ దగ్గర 110 డెసిబెల్స్ వినేవాడికి కావలసింది యాంప్లిఫయర్ మార్పు కాదు, చెవి డాక్టరు. మామూలు సంగీతంలో అంత ఎత్తు స్వరంలో అంత బలం ఉండదు. మరి నేను ఈ మార్పు చేశానా అంటే, చేశాను. ట్యూబు మీద భారం తగ్గితే వక్రీకరణ తగ్గుతుంది, అది నా సౌండ్ కార్డు కొలతలో కనబడింది. వినడంలో తేడా వచ్చిందని మాత్రం ప్రమాణం చేయలేను.

ఎందుకు చేయలేనంటే, అంతకుముందే ఒకసారి భంగపడ్డాను. మిత్రుడి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్, నా టి1 పక్కపక్కన పెట్టి విన్నాం. అతనిదే బాగుందని ఇద్దరం ఒప్పుకున్నాం. గొంతు ముందుకొచ్చింది, మృదంగంలో తొప్పి వైపు నిండుగా ఉంది, ఇంకా ఏవేవో అన్నాం. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. 'నాన్నా, రెండూ ఒకే శబ్దంలో ఉన్నాయా?' అంది. కొలిస్తే అతనిది ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువ. సమం చేసి, ఏది మోగుతోందో మాకు తెలియకుండా తను మారుస్తుంటే, మేం చెప్పిన జవాబులు నాణెం ఎగరేసినట్టే వచ్చాయి. మిత్రుడు ఆ రోజు కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు.

సమం చేయడం కష్టమేమీ కాదు. 400 హెర్ట్జ్ టోన్ పెట్టండి. చవక మీటర్లు అంతకు పైన తప్పు చెప్తాయి. ఒకే చానల్ ప్లస్, మైనస్ స్టేటర్ పిన్నుల మధ్య ఏసీ వోల్టేజి కొలవండి. ఒకదానిలో 80 వస్తే రెండోదానిలోనూ 80 రావాలి, ఒక వోల్టు కూడా తేడా ఉండకూడదు. కనీసం 1000 వోల్టుల రేటింగ్ ఉన్న ప్రోబులు వాడండి. హెడ్‌ఫోన్ తల మీద పెట్టుకుని ఈ పని చేయకండి.

హెడ్‌ఫోన్ల మధ్య తేడాలకు మాత్రం ఇంత పరీక్ష అక్కర్లేదు, గుడ్డిగా విన్నా తెలిసిపోతాయి. లాంబ్డా గొంతును దగ్గరికి తెస్తుంది, కింది స్వరాల్లో పీనాసి. స్టాక్స్‌దే ఎస్ఆర్-007 నిండుగా, కొంచెం చీకటిగా మోగుతుంది. 007 రెండో రూపంలో చెవి వైపు గాలి తప్పుకునే చిన్న సందు ఒకటుంది. గోడకు పోస్టర్లు అంటించే జిగురుముద్ద చిటికెడు తీసి దాన్ని మూస్తే, మద్దెల గుమ్మెత్తినట్టుండే ఆ ఉబ్బు తగ్గి అడుగు స్వరాలు ఇంకా కిందికి దిగుతాయి. పది రూపాయల ఖర్చు. నచ్చకపోతే గిల్లి తీసేయవచ్చు. లక్ష రూపాయల యాంప్లిఫయర్ మార్చినా ఇంత తేడా నాకు వినబడలేదు. ఒక చిక్కుంది. సందు మూశాక హెడ్‌ఫోన్‌ను చెవికి నొక్కితే లోపలి గాలికి పొర వంగి 'పుర్ర్' మంటుంది. పాడైందని కంగారు పడకండి, ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. అరిగిన ప్యాడ్లు, కళ్లద్దాల కాడలు కూడా గాలిని వదిలేసి బాస్‌ను మింగేస్తాయి. యాంప్లిఫయర్‌ను తిట్టే ముందు ప్యాడ్లు చూసుకోండి.

విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లకు ఇంకో బాధ. వానాకాలంలో ఒక చెవి నెమ్మదిగా సన్నగిల్లుతుంది, ఒక్కోసారి కీచుమంటుంది. తేమ, దుమ్ము కలిసి పొర మీది చార్జిని పక్కదారుల్లో కార్చేస్తున్నాయన్నమాట. మూతబిగువు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో రెండు రోజులు ఉంచి చూడండి. జుట్టు ఆరబెట్టే మిషన్ మాత్రం దగ్గరికి తేవద్దు. అప్పటికీ అదే చెవి తగ్గితే ఇంకొకరి యాంప్లిఫయర్ మీద పెట్టి చూడండి. అక్కడా అదే చెవి అయితే తప్పు హెడ్‌ఫోన్‌ది.

మూత విప్పేవాళ్లకు చివరిగా ఒక మాట. బయాస్ భయపెట్టినంత పని చేయదు, ఆ 4.7 మెగా ఓమ్‌లు దాన్ని మిల్లీ ఆంపియర్‌లో ఎనిమిదో వంతు దగ్గర కట్టేస్తాయి. ప్రాణాలు తీసేది సప్లై కెపాసిటర్లు. ప్లస్ 320, మైనస్ 320, రెండింటి మధ్య 640. ప్లగ్గు పీకాక కూడా అవి నిండే ఉంటాయి. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో ఒక్కోదాన్నీ విడివిడిగా గ్రౌండ్‌కు ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూసి, అప్పుడు టంకం కడ్డీ పట్టండి. కరెంటు ఉండగా ఆఫ్‌సెట్ (పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్‌లో మిగిలే డీసీ వోల్టేజి) సరిచేయాల్సి వస్తే అరగంట వేడెక్కనిచ్చి, ఎడమ చేయి జేబులో పెట్టుకుని, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. మన అదృష్టం మీద నమ్మకం పెట్టుకోదగ్గ చోటు కాదది.

అదిగో, ఆ బల్ల మీద రెండు యాంప్లిఫయర్లు గుడ్డ కప్పి ఉన్నాయి. ఒకటి మార్పు చేసిన నా టి1, రెండోది మా మిత్రుడు అరువిచ్చిన మార్పు చేయని టి1. రెండూ పొద్దున్నే సమం చేశాం. స్విచ్చి దగ్గర మా అమ్మాయి కూర్చుంటుంది, ఏది మోగుతోందో అడిగినా చెప్పదు. ఒక్కొక్కరే రండి. కళ్లద్దాలు తీసి పెట్టుకోండి.