స్కోలిన్ పడని వాళ్లు

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. నేను మత్తు డాక్టర్ని. మన ఆర్యవైశ్యులు ఆపరేషన్‌కి వస్తే మా మత్తు డాక్టర్లలో చాలామంది ముందే "స్కోలిన్ వద్దులే" అనుకుంటారు. ఎందుకో చెబుతాను.

గొంతులో గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి ఇచ్చే మందు సక్సినైల్‌కోలిన్. మేం స్కోలిన్ అంటాం. రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని పది నిమిషాల్లోపే విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైమ్ పనిచేయని వాళ్లకు గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి కూడా మిషనే ఇవ్వాలి. బయట కూర్చున్న చుట్టాలు "కోమాలోకి వెళ్లాడట" అని ఏడుస్తుంటారు. అది కోమా కాదు. అసలు స్కోలిన్‌కి తెలివి పోగొట్టే గుణమే లేదు. ఆపరేషన్ అయిపోయిందని నిద్రమందు ఆపేస్తే పేషెంటుకు మాటలన్నీ వినిపిస్తాయి, కనురెప్ప మాత్రం లేవదు. అందుకే మందు ప్రభావం దిగేదాకా వెంటిలేటర్ మీద నిద్రలోనే ఉంచాలి. అలా ఉంచితే మామూలుగానే కోలుకుంటారు.

మనలోనే ఎందుకు ఎక్కువ? వైశ్యుల్లో ఈ ఎంజైమ్‌ను దెబ్బతీసే ఒక జన్యు మార్పును కోయంబత్తూరు పరిశోధకులు గుర్తించి 2006లో ప్రచురించారు. తరతరాలుగా మనలో మనమే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల అది మన మధ్యే తిరుగుతోంది. గోత్రం వేరైతే చాలనుకుంటాం గానీ, ఈ జన్యువుకు గోత్రంతో పనిలేదు. మేనరికాల సంగతి ఇక చెప్పక్కర్లేదు!

దీనివల్ల రోజువారీ బతుకులో ఏ తేడా ఉండదు. తిండికి పథ్యం లేదు, వేసుకోవాల్సిన మాత్ర లేదు. పెళ్లి సంబంధాల దగ్గర దాచాల్సిన జబ్బు అంతకన్నా కాదు. కొందరు "నాకు అనెస్థీషియా పడదు" అని చెప్పి అవసరమైన ఆపరేషన్ కూడా వాయిదా వేసుకుంటున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మీరు దూరం పెట్టాల్సింది ముఖ్యంగా స్కోలిన్, కండరాలు సడలించే ఇంకో మందు మైవాక్యూరియం. బదులుగా రోక్యురోనియం ఉంది, దాని ప్రభావం దింపడానికి సుగమాడెక్స్ ఉంది. పన్ను పీకేటప్పుడు ఇచ్చే లిగ్నోకెయిన్‌తో ఈ ఇబ్బంది లేదు.

ఎంజైమ్ తక్కువని రక్తపరీక్షలో తేలితే ఆ మాట కార్డు మీద రాయించి పర్సులో పెట్టుకోండి, ఇంట్లో వాళ్లకూ చెప్పండి. అర్ధరాత్రి సిజేరియన్ అయితే పేషెంటును అడిగే టైము మాకు ఉండకపోవచ్చు. ఒకరికి తేలితే తోడబుట్టిన వాళ్లకు కూడా పరీక్ష చేయించండి. అమ్మానాన్నలిద్దరూ ఆ జన్యువును ఒక్కో కాపీ మోస్తుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ ఈ ఎంజైమ్ లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది.