టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకముందే లాయర్‌ని కలవాలి: స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. స్థలం మీద పెట్టుబడి పెట్టేవాళ్లు లాయర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? ఇవాళ ఇదే చర్చ. మనతో ఒక న్యాయవాది, ఒక రిటైర్డ్ సబ్ రిజిస్ట్రార్, హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్ ఉన్నారు. సార్, రిజిస్ట్రేషన్ అయిపోతే ఇక టెన్షన్ లేదనుకుంటారు జనం. నిజమేనా?

రిటైర్డ్ సబ్ రిజిస్ట్రార్: కాదండి. మేము స్టాంపు డ్యూటీ చూస్తాం, వచ్చినవాళ్లు వాళ్లేనా అని చూస్తాం, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూస్తాం. అమ్మే మనిషికి అసలు హక్కు ఉందా లేదా అన్నది తేల్చడం మా పని కాదు. అది కొనేవాళ్లే చూసుకోవాలి.

ఏజెంట్: ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీస్తే తెలిసిపోతుంది కదా సార్. మా కస్టమర్లకు ముందే ఇస్తాం.

న్యాయవాది: ఈసీలో వచ్చేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టర్ చేయని వీలునామా అందులో కనిపించదు. కోర్టులో నడుస్తున్న దావా కూడా మామూలుగా కనిపించదు. దావా నడుస్తుండగా కొంటే, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ తీర్పుకు మీరూ కట్టుబడాలి. తెలియక కొన్నానంటే కుదరదు. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మాత్రం ఆడపడుచుల వాటా కేసులు. అన్నదమ్ములు అమ్మేస్తారు, అక్కచెల్లెళ్ల సంతకం ఉండదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కుందని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ ఆస్తి పెద్దల నుంచి వచ్చిందా, సొంత సంపాదనా అన్నది లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులు, చదివి తేల్చాలి. అందుకే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకముందే రమ్మంటాను. చాలామంది రిజిస్ట్రేషన్ ముందురోజు వస్తారు. అప్పటికే సగం డబ్బు వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు లోపం చెప్పినా ఏం చేయగలరు?

ఏజెంట్: లీగల్ ఒపీనియన్ కోసం ఆగితే మంచి ప్లాట్ చేజారిపోతుంది మేడమ్. అమ్మేవాళ్లు ఆగరు.

న్యాయవాది: తప్పదంటే చిన్న మొత్తం ఇవ్వండి. కానీ టైటిల్‌లో, అంటే అమ్మేవాళ్ల హక్కులో, తేడా వస్తే డబ్బు తిరిగిస్తానని రాయించుకోండి. ఆ ఒక్క ముక్క రాయడానికి ఒప్పుకోనివాళ్ల దగ్గర కొనొద్దు.

ఏజెంట్: అది న్యాయమే. ప్రీలాంచ్‌ల విషయంలో, అంటే రిజిస్ట్రేషన్ నంబరు రాకముందే అమ్మే ప్రాజెక్టుల విషయంలో కూడా నేను మేడమ్‌తోనే ఉంటాను. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరు రావాల్సిన ప్రాజెక్టుకు అది రాకముందే డబ్బు కట్టమంటే కట్టొద్దు.

రిటైర్డ్ సబ్ రిజిస్ట్రార్: నంబరు వచ్చినా సరే, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా 13వ సెక్షన్ చెబుతోంది. రసీదు చేతిలో పెట్టి 30 శాతం అడిగితే అక్కడే ఆగిపోండి.

యాంకర్: డల్లాస్ నుంచి ఒక ప్రేక్షకుడు అడుగుతున్నారు. "షాద్‌నగర్ దగ్గర ఎకరం పొలం కొనాలి. బావమరిదికి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇస్తే సరిపోతుందా?"

న్యాయవాది: విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ఎన్నారైలు ఆర్‌బీఐ ప్రత్యేక అనుమతి లేకుండా వ్యవసాయ భూమి కొనకూడదు. ఫామ్‌హౌస్ కూడా అంతే. ఫ్లాటో, ఇళ్ల స్థలమో అయితే కొనొచ్చు. దానికైనా అన్ని అధికారాలూ ఇచ్చే జీపీఏ వద్దు. ఆ ఒక్క ఆస్తికే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలు. డ్రాఫ్ట్ ఇక్కడి లాయర్‌తో రాయించి తెప్పించుకోండి, అక్కడ సంతకం చేసి పంపండి. ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటనివ్వొద్దని బావమరిదికి ముందే చెప్పండి.