కొత్త కుక్కపిల్ల ఇంటికొచ్చాక ఏడుపు ఎందుకొస్తుంది?

[దృశ్యం: చీకటి గది. గడియారంలో మూడు గంటలు. నేల మీద నలిగిన తడి గుడ్డ.]

తెల్లవారుజామున మూడు గంటలు. నేల మీద చతికిలబడి ఉన్నాను. చేతిలో తడి గుడ్డ. ఆ రాత్రి తుడవడం అది మూడోసారి. తొమ్మిది వారాల పిల్ల, నా పాదం మీద ముక్కు ఆనించి అప్పుడే నిద్రలోకి జారుకుంది. గుండ్రటి పొట్ట పైకీ కిందికీ కదులుతోంది. ఆ పొట్టనే చూస్తూ నేను అనుకున్న మాట ఇది: "దీన్ని ఎందుకు తెచ్చుకున్నాను?"

వెంటనే ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కంటే, అలా అనుకున్నానే అన్న సిగ్గు ఎక్కువ బాధపెట్టింది. నెలల తరబడి ఎదురుచూసి, పేరు కూడా ముందే పెట్టుకుని తెచ్చుకున్న పిల్ల అది.

మీకూ అలాంటి రాత్రి గడిచి ఉంటే, ఈ వీడియో మీ కోసమే. మీరు చెడ్డవాళ్లు కారు. మీకు కుక్కలంటే ప్రేమ లేదనీ కాదు. మీకు నిద్ర లేదు. మీ పిల్లకూ లేదు. ఈ రెండు మాటల నుంచే మొదలుపెడదాం.

[దృశ్యం: తెర మీద "పప్పీ బ్లూస్" అన్న అక్షరాలు.]

ఈ దిగులుకు పప్పీ బ్లూస్ అని పేరు. ప్రసవమైన మొదటి రోజుల్లో చాలామంది తల్లులను కమ్ముకునే దిగులును బేబీ బ్లూస్ అంటారు కదా, దాన్నిబట్టి పుట్టిన పేరిది. 2024లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని కొలిచేందుకు ఒక ప్రశ్నావళిని రూపొందించి ప్రచురించారు. వందలాది యజమానుల అనుభవాలను పరిశీలిస్తే ఈ స్థితిలో మూడు పాయలు కనిపించాయి: ఆందోళన, చిరాకు, అలసట. ఒకరికి ఆందోళన ఎక్కువ, ఇంకొకరికి చిరాకు ఎక్కువ.

అదే అధ్యయనంలో నాకు ఎంతో ఊరటనిచ్చిన విషయం మరొకటుంది. కాలం గడిచేకొద్దీ ఆ రోజుల చేదు జ్ఞాపకంలో పలచబడుతుందట. పెద్ద కుక్కలున్నవాళ్లను అడిగితే "మాకు అలాంటిదేమీ లేదే" అంటారు చూడండి, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చాలామంది మరిచిపోయి ఉంటారు, అంతే. వాళ్ల మాటతో మిమ్మల్ని మీరు పోల్చుకోకండి.

[దృశ్యం: గుడ్డల మధ్య ముడుచుకుని పడుకున్న పిల్ల.]

ఇప్పుడు పిల్ల వైపు నుంచి చూద్దాం. రెండు నెలల పిల్లకు రోజులో 18 నుంచి 20 గంటల నిద్ర కావాలి. నిన్నటిదాకా అది తల్లి పక్కన, తోబుట్టువుల మధ్య వెచ్చగా కుప్పపడి పడుకుంది. ఇవాళ హఠాత్తుగా ఒంటరి. రాత్రి అది గుక్కపట్టి ఏడుస్తుంటే మొండితనం అనుకోకండి, అది భయం. పైగా దాని మూత్రాశయం చాలా చిన్నది. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక మోటు లెక్క. అంటే రెండు నెలల పిల్లకు మూడు గంటలు. అదీ ఆడనప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు. కాబట్టి రాత్రి ఒకటి రెండుసార్లు లేవాల్సిందే.

ఇక కొరకడం. చేతులు, మడమలు, బట్టల అంచులు, దేన్నీ వదలదు. ఆ 28 పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. దాదాపు నాలుగో నెల నుంచి అవి రాలడం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 పెద్ద పళ్లు వస్తాయి. అందాకా చిగుళ్లకు నమలడానికి ఏదో ఒకటి ఉండాలి.

కానీ సాయంత్రం పూట పూనకం వచ్చినట్టు ఇల్లంతా పరుగెత్తి, ఎంత వద్దన్నా మీద పడి కొరుకుతుంటుందే, ఆ ఘడియ గురించి ఆగి చెప్పాలి. చాలామంది అప్పుడు "ఇంకా ఓపిక మిగిలింది, ఇంకాస్త ఆడించాలి" అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మరో అరగంట బంతి విసిరాను. ఇంకా రెచ్చిపోయింది. పసిపిల్లలు నిద్ర ముంచుకొచ్చినప్పుడు పేచీ పెడతారే, ఇదీ అంతే. నిద్ర చాలని పిల్ల తనంతట తాను ఆగలేదు. దాన్ని మనమే ఆపి పడుకోబెట్టాలి.

అందుకే నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే: సుమారుగా గంట మెలకువ, రెండు గంటల నిద్ర. లేవగానే మూత్రానికి బయటికి, తరువాత తిండి, మళ్లీ బయటికి, కాసేపు ఆట, ఆ తరువాత గదిలోనే పెట్టిన చిన్న కంచెలోకి. కంచె మీద సగం వరకు పలుచని గుడ్డ కప్పి, నమలడానికి ఒక బొమ్మ ఇచ్చి, పక్కనే మౌనంగా కూర్చునేదాన్ని. మొదటి రోజు పన్నెండు నిమిషాలు కీచుకీచుమంది. నాలుగో రోజు రెండు నిమిషాల్లోనే తల వాల్చేసింది. ఆ రెండు గంటలూ ఇల్లు నాదే. వేడి వేడిగా ఒక పూట భోజనం చేయగలిగాను.

[దృశ్యం: మూసిన తలుపు. అవతల నుంచి సన్నని ఏడుపు.]

ఇప్పుడు కష్టమైన మాట. ఏదో ఒక క్షణంలో మీ చెయ్యి లేస్తుంది. నిద్ర లేని మనిషికి గోరంత విషయం కొండంతవుతుంది. అలాంటప్పుడు పిల్లను కంచెలో పెట్టండి, అక్కడ దానికి ప్రమాదమేమీ లేదని చూసుకోండి, తలుపు దగ్గరకు వేసి వేరే గదిలోకి వెళ్లండి. పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఏడ్చినందుకు పిల్లకు ఏమీ కాదు. కొడితే మాత్రం అవుతుంది. మీ చెయ్యంటే బెదిరిపోతుంది. నేల తడిపినందుకు కొడితే, ఇంట్లో పోయకూడదని దానికి అర్థం కాదు. మీ కంట పడకుండా పోయాలని నేర్చుకుంటుంది, ఆ తరువాత మంచం వెనక వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇంట్లో ఇద్దరుంటే రాత్రిని పంచుకోండి. అర్ధరాత్రి దాకా ఒకరు, తరువాత ఒకరు. ఒంటరిగా ఉంటే నమ్మకమైన మనిషిని పగలు రెండు గంటలు పిల్ల దగ్గర కూర్చోమనండి. ఆ రెండు గంటల్లో ఇల్లు సర్దకండి, పడుకోండి.

"మూడు నుంచి పద్నాలుగు వారాల లోపే పిల్లకు లోకమంతా పరిచయం చేయాలట" అన్న భయం కూడా చాలామందిని తినేస్తుంది. ఆ వయసు కీలకమే, నిజం. కానీ రోజుకొక కొత్త విషయం చాలు. ఒక గొడుగు, ఒక సైకిలు, టోపీ పెట్టుకున్న మనిషి. టీకాలు పూర్తి కాకపోతే చంకన ఎత్తుకునే చూపించవచ్చు. బయట ఎప్పుడు దించాలో పశువైద్యుడిని అడగండి.

"ఇంకా దాని మీద ప్రేమ కలగడం లేదు" అని కుమిలిపోయేవాళ్లకు ఒక మాట. చూడగానే కలిగేది మురిపెం. ప్రేమకు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా వేళకు తిండి పెట్టి, బయటికి తీసుకెళ్లి, నెమ్మదిగా మాట్లాడితే పిల్లకు ఏ లోటూ లేదు.

అయితే పిల్ల నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోయినా, ముద్ద దిగకపోయినా, ఆ దిగులు రెండు వారాలు దాటినా వైద్యుడిని కలవండి. బతకాలని లేదు అనిపిస్తే ఆ రోజే, ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లండి.

పిల్లను తిరిగి ఇవ్వాలా అన్న ప్రశ్న వస్తే, దాన్ని అర్ధరాత్రి తేల్చకండి. రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోయాక, పగటి వెలుతురులో, తెచ్చుకున్న చోటివాళ్లతో మాట్లాడి తేల్చండి. మంచి ఇల్లు చూసి అప్పగించడం ద్రోహమని నేను అనుకోను. కానీ ఆ నిర్ణయం మీది కావాలి, మీ అలసటది కాదు.

[దృశ్యం: మంచం పక్కన చిన్న పెట్టె. మంచం మీద నుంచి వేలాడుతున్న చెయ్యి.]

ఈ రాత్రికి దాని పడకను మీ మంచం పక్కనే వేయండి. ఏడిస్తే చెయ్యి కిందికి వేలాడేయండి, వాసన చూసి సర్దుకుంటుంది. అది లేపకముందే లేచేలా అలారం పెట్టుకోండి. పెద్ద దీపాలు వద్దు, మాటలు వద్దు, ఆట అసలే వద్దు. బయటికి తీసుకెళ్లడం, పని కాగానే తిరిగి పడుకోబెట్టడం.

ఇప్పుడు పిల్ల నిద్రపోతోందా? అయితే గిన్నెలు అలాగే ఉండనివ్వండి. ఫోను పక్కన పెట్టి మీరూ పడుకోండి.